గాలి కొట్టే చెయ్యి

బెజవాడ పటమటలో నేను పనిచేసే స్టూడియో ఒక మందుల షాపు మీద ఉంది. గోడలకు నురుగు పలకలు అతికించారు కాబట్టి దాన్ని స్టూడియో అంటున్నారు. కింద షట్టరు ఎత్తినా, రోడ్డు మీద బస్సు హారను కొట్టినా లోపలికి వినపడుతుంది. ఓనరే కీబోర్డు ప్లేయరు. ఎవరు ఏ దేవుణ్ణి వెంటబెట్టుకొచ్చినా ఒకే తాళం మీద కూర్చోబెట్టి పంపిస్తాడు. ఎన్నికలొస్తే నాయకుల్ని కూడా అదే తాళం మీద కూర్చోబెడతాడు. ఇంతవరకూ ఎవరూ తేడా కనిపెట్టలేదు.

నేను అక్కడ శబ్దాలు తయారుచేస్తాను. ఈ పని చెప్పడం కష్టం కాదు. ఒక వాద్యాన్ని తెచ్చి, దాని స్వరాల్ని ఒక్కొక్కటిగా రికార్డు చేసి, శాంప్లర్ అనే సాఫ్ట్‌వేర్‌లో వరసగా పేరుస్తాం. తర్వాత కీబోర్డు మీద ఏ మెట్టు నొక్కితే ఆ స్వరం పలుకుతుంది. ఇక్కడితో వదిలేస్తే ఎన్నిసార్లు నొక్కినా ఒకటే పలుకు. అందుకని శాంప్లర్‌లో మాడ్యులేషన్ అనే ఏర్పాటు ఉంటుంది. ఒక కదలికను తీసుకెళ్లి శబ్దంలోని ఒక గుణానికి ముడివెయ్యడం, అంతే. మెట్టును గట్టిగా నొక్కితే స్వరం పదునెక్కాలా, పక్కనున్న చక్రం తోస్తే మొద్దుబారాలా, ఎవరూ ముట్టుకోకుండానే ఊగుతూ ఉండాలా, ఇవన్నీ మనం వేసే ముళ్లు. దేన్ని దేనికి ముడివేశాడో చూస్తే, వేసినవాడు ఆ వాద్యాన్ని ఎప్పుడైనా చెవులారా విన్నాడో లేదో తెలిసిపోతుంది.

మా ఓనరు వినలేదు. అతనికి తెలిసిన ముడి ఒక్కటే, ఊపు. తనంతట తాను పైకీ కిందికీ కదిలే అల ఒకటి శాంప్లర్‌లో ఉంటుంది, దాన్ని ఎల్ఎఫ్ఓ అంటారు. దాన్ని ప్రతి శబ్దానికీ తగిలిస్తాడు. వేణువుకు తగిలిస్తాడు, వీణకు తగిలిస్తాడు. ఒకసారి డప్పుక్కూడా తగిలించాడు. ఎందుకని అడిగితే, "ఫీల్ రావాలన్నా" అన్నాడు. ఫీల్ అంటే వణుకు అని అతని ఉద్దేశం. ఏడిచేవాడి గొంతు వణుకుతుంది కాబట్టి, వణికే గొంతుల్లో ఏడుపు ఉంటుందని లెక్క.

అతని ఎడమచెయ్యి ఇంకా ఘోరం. కీబోర్డుకు ఎడమపక్కన బెండ్ వీల్ అని ఒక చక్రం ఉంటుంది. పైకి తోస్తే స్వరం జారి పైకెక్కుతుంది, వదిలితే స్ప్రింగు వల్ల దానంతటదే వెనక్కొస్తుంది. ఈ డెల్టాలో చర్చీల్లో వాయించేవాళ్లు ప్రతి పాదం చివరా దాన్ని తోస్తారు. ఒకళ్లని చూసి ఒకళ్లు నేర్చుకున్నారు. పాట అక్కడ సిలువ గురించి చెబుతోందా, పెళ్లివిందు గురించి చెబుతోందా అన్న పట్టింపు లేదు. పాదం అయిపోయిందా, చెయ్యి చక్రం మీదికి వెళ్లాలి, స్వరం జారాలి. వింటున్నవాళ్లు తలలూపుతారు. వాళ్లు ఊపుతున్నారు కాబట్టి వీళ్లు తోస్తారు. సంగీతం గురించి పుస్తకాల్లో చాలా చదివాను గానీ, ఇంత నిక్కచ్చిగా పనిచేసే ఒప్పందం ఏ పుస్తకంలోనూ కనిపించలేదు.

మా అక్క పామర్రు దగ్గర ఒక ఊళ్లో స్కూలు టీచరు. పెళ్లయి ఆ ఊరు వెళ్లినప్పటి నుంచి అక్కడి గుడిలో ఆదివారాలు హార్మోనియం వాయించేది. మావాళ్లం చర్చిని గుడి అనే అంటాం. ఆవిడ గొప్పగా వాయించేదని అనను. కీర్తనలో ఎన్ని స్వరాలుంటే అన్నీ పలికించేది, పైన ఒక్కటి కూడా వేసేది కాదు. ఎవరైనా మెచ్చుకుంటే, "తప్పులు రాలేదులెండి ఇవాళ" అనేది.

పోయినేడాది వానాకాలంలో అక్క చనిపోయింది. జబ్బు గురించి రాయను. అయినవాళ్ల జబ్బుల గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు, చదివాను. వాటిలో పోయిన మనిషి కంటే రాసిన మనిషి ఎక్కువ కనిపిస్తాడు.

హార్మోనియం అక్క సొంతం. ఆవిడ పోయాక మా బావ దాన్ని మన్యంలో ఒక చిన్న క్రైస్తవ సంఘానికి ఇచ్చేశాడు. వాళ్లు అడిగారు, వాళ్ల దగ్గర ఏదీ లేదు. బావ చేసింది సబబే. మళ్లీ తెమ్మని అడిగే మాట కాదు. దాని స్వరాలు మాత్రం నా దగ్గర ఉండిపోయాయి. అక్క ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో, హార్మోనియం శబ్దం ఒకటి కావాలని ఓనరు అంటే, వాళ్లింటికి మైకులు పట్టుకెళ్లి రికార్డు చేశాను. ముందుగదిలో ఫ్యాను ఆపి, కిటికీలకు దుప్పట్లు కట్టి, ఒక్కొక్క మెట్టూ విడిగా నొక్కమన్నాను. చెప్పేదాకా గాలి కొడుతూనే ఉండమన్నాను.

"ఒరేయ్, ఇదేం వాయించడంరా? పళ్ల డాక్టరు దగ్గర కూచున్నట్టుంది. ఒక్కోటీ నొక్కి, ఇక్కడ నెప్పుందా, ఇక్కడుందా అన్నట్టు" అంది అక్క.

"మాట్లాడకక్కా, రికార్డవుతోంది."

బావ మజ్జిగ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడి, గుసగుసగా, "మాట్లాడొచ్చా?" అన్నాడు.

"మాట్లాడేశారుగా" అంది అక్క.

ఆ మెట్టు మళ్లీ నొక్కాల్సొచ్చింది. అన్నీ అయ్యేసరికి ఆవిడకు విసుగొచ్చింది. నేను వైర్లు చుట్టుకుంటుంటే, నోరు కడుక్కున్నట్టుగా ఒక కీర్తన మొదటి నుంచి చివరిదాకా వాయించుకుంది. రికార్డరు నడుస్తూనే ఉంది. ఇంటికొచ్చాక ఆ ముక్క నేను వినలేదు. పనికొచ్చేవి విడి స్వరాలే కదా.

ఓనరు వాటిని విని, "సౌండు పాతగా ఉందన్నా" అన్నాడు. అవి హార్డ్ డిస్కులో పడి ఉన్నాయి.

ఏడాది దగ్గర పడుతుండగా బావ ఫోన్ చేశాడు. జ్ఞాపకార్థ కూడిక పెడుతున్నామని, కీబోర్డు, మైకులు మా ఓనరుకే చెప్పామని అన్నాడు. గుడి అయ్యగారికి, అంటే పాస్టరుకి, మా ఓనరు ముందే తెలుసు; అక్క పోయాక అక్కడి పండగలకు అతనే వెళ్లి వాయిస్తున్నాడు.

"మీ అక్క హార్మోనియం నీ కంప్యూటర్లో ఉందన్నావు కదా" అన్నాడు బావ.

"ఉంది బావా."

"ఆ రోజు ఆవిడ కీర్తన ఒక్కటి దాంతో వాయించొచ్చా? కుదిరితేనే. లేకపోతే వద్దులే."

బావ ఏది అడిగినా చివర "వద్దులే" ఉంటుంది. కుదురుతుందన్నాను. ఓనరుతో చెప్పడమే నేను చేసిన తెలివితక్కువ పని. "మన అక్కగారి కోసం దగ్గరుండి చేస్తానన్నా" అన్నాడు. దగ్గరుండే చేశాడు. మర్నాడు నేను వెళ్లేసరికి ఆ స్వరాలకు ఊపు తగిలించాడు. అవి తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండేలా ఇంకో ఊపు, శబ్దం తేటను పెంచి తగ్గించే ఫిల్టరుకు తగిలించాడు. ఒక్క రీడు, అంటే లోపల పలికే రేకు, మోగితే నాలుగు రీడ్లు పలికినట్టు ఉండాలని కోరస్ పెట్టాడు. పైన, గుమ్మటం కింద నిలబడితే వచ్చే ప్రతిధ్వని. పామర్రు దగ్గర పెంకుల కప్పు కింద ముప్ఫై కుర్చీలున్న గుడిలో వాయించిన హార్మోనియానికి గుమ్మటం!

ఆ వారం బావ ఏదో పని మీద బెజవాడ వస్తే ఓనరు కూర్చోబెట్టి వినిపించాడు. బావ చేతులు కట్టుకుని విన్నాడు.

"ఎలా ఉందండీ?"

"బాగుందండీ. పెద్ద సినిమా హాల్లో విన్నట్టుంది."

"అదేనండి! ఆ లెవెల్ రావాలనే పెట్టింది" అన్నాడు ఓనరు.

మెట్లు దిగేటప్పుడు బావ నెమ్మదిగా, "మీ అక్కది ఇట్టా ఊగేదా?" అన్నాడు.

"లేదు బావా."

"నేనూ అదే అనుకున్నా." ఇంకో రెండు మెట్లు దిగాడు. "ఏమోలే, నాకంత గుర్తుండదు. వీళ్లకి తెలుసుగా."

నాకు భయం వేసింది అక్కడే. హార్మోనియం ఇంట్లో లేదు. బావ దగ్గర వేరే రికార్డింగు ఏదీ లేదు. ఆ కూడిక రోజున, అందరి ముందు, ఇది ఆవిడ హార్మోనియం అని చెప్పి పెద్ద స్పీకర్లలో ఏది వినిపిస్తే బావకు అదే మిగులుతుంది. ముందటిది నెమ్మదిగా చెరిగిపోతుంది. "నాకంత గుర్తుండదు" అని ఆయనే ఒప్పేసుకున్నాడు. ఇంకో ఏడాదికి, మా అక్క వాయించినట్టుగా బావ తలుచుకునేది మా ఓనరు ఎల్ఎఫ్ఓ అవుతుంది. పోయినవాళ్లను ఇలాగే మారుస్తారు. ఎవరికీ దుర్మార్గం ఉండదు, అందరూ దగ్గరుండే చేస్తారు.

ఆ ఫైలు ఇమ్మని ఓనరును అడిగి, అతను తగిలించినవన్నీ పీకేశాను. ఊపులు పోయాయి, కోరస్ పోయింది, గుమ్మటం కూలిపోయింది. ఉత్త స్వరాలు మిగిలాయి. వాటి మీద ఆ కీర్తన మొదటి పాదం వాయించి చూశాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, అదీ బాగాలేదు. ఓనరుదైతే దొంగ ఏడుపు, నాది శవం. ప్రతి స్వరమూ ఒకే బలంతో మొదలై, ఒకే బలంతో నిలబడి, చెయ్యి తియ్యగానే తెగిపోతోంది. ఏమీ కలపకపోతే నిజం మిగులుతుందనుకున్నాను. చాలామంది చదువుకున్నవాళ్లు అనుకునేదే. పక్కవాడి మీద ఏవగింపు ఉన్నంత మాత్రాన మనకు పని వచ్చెయ్యదు.

అప్పుడు ఆ కీర్తన ఉన్న ముక్క తీసి విన్నాను.

నాకు ముందు తెలిసింది గాలి. హార్మోనియం వాయించేవాళ్ల కుడిచెయ్యి మెట్ల మీద ఉంటే, ఎడమచెయ్యి వెనక తిత్తిని నొక్కుతూ వదులుతూ ఉంటుంది. అందరికీ తెలిసిందే. కానీ ఆ చేతి పని ప్రతి స్వరంలోనూ వినపడుతుంది. గాలి నిండుతుంటే శబ్దం పెరుగుతుంది, తేటపడుతుంది. తగ్గుతుంటే సన్నబడి, మొద్దుబారుతుంది. ఊపు అనేది అసలు లేదు. ఊపు కాలం ప్రకారం నడుస్తుంది. ఇది చేతి ప్రకారం నడుస్తోంది. గాలి తగ్గితే స్వరం దిగుతుందని నేననుకునేవాణ్ణి, దిగట్లేదు. వెంట్రుకవాసి పైకి పోతోంది. ఇన్నేళ్లు ఈ పనిలో ఉండి ఆ సంగతి నాకు తెలియలేదు.

తర్వాత ఇంకొకటి తెలిసింది. ప్రతి పాదం చివరా అక్క ఆగుతోంది. ఆఖరి స్వరాన్ని పట్టుకుని, పొడుగ్గా, నెమ్మదిగా ఒక్కసారి గాలి కొడుతోంది. అది అయ్యాకే తర్వాతి పాదం ఎత్తుకుంటోంది. మొదట అలవాటుగా సాగదీస్తోందనుకున్నాను. రెండోసారి విన్నప్పుడు అర్థమైంది. ఆ గుడిలో ముందు చాపల మీద కూర్చునే పెద్దావిడలు పాదం చివర సాగదీసి పాడతారు. అందరూ ఒక చోట ఆగితే వాళ్లు ఇంకా వస్తూ ఉంటారు. అక్క వాళ్లు వచ్చేదాకా ఆగేది. ఆ రోజు ముందుగదిలో పాడేవాళ్లు ఎవరూ లేరు. వైర్లు చుట్టుకుంటూ నేను, మజ్జిగ గ్లాసులతో బావ. అయినా వాళ్ల కోసం ఆగింది.

ముళ్లన్నీ కొత్తగా వేశాను. బెండ్ వీల్‌ను స్వరం ఎత్తు నుంచి విప్పేసి, శబ్దం బలానికీ, ఫిల్టరు తేటకూ కట్టాను. చక్రం తోస్తే శబ్దం నిండుతుంది. వదిలితే స్ప్రింగు దాన్ని వెనక్కి లాగేస్తుంది. అయితే శబ్దం ఒక్కసారిగా పోకుండా, తిత్తిలో మిగిలిన గాలిలాగా నెమ్మదిగా సన్నబడేట్టు లాగ్ అనేది కలిపాను. సన్నబడుతున్నప్పుడు స్వరం వెంట్రుకవాసి పైకి పోతుంది. తిత్తి కిర్రుమనే చప్పుడు, మెట్లు టకటకమనే చప్పుడు మాత్రం పెట్టలేదు. అవి నా దగ్గర ఉన్నాయి. పాతదనం కోసం వాటిని తగిలిస్తే, ఓనరు గుమ్మటానికీ దానికీ తేడా లేదు.

కాబట్టి ఆ హార్మోనియం మోగాలంటే ఎడమచెయ్యి చక్రాన్ని తోస్తూ వదులుతూ ఉండాల్సిందే. వేరే దారి పెట్టలేదు.

ఓనరు కూర్చుని అలవాటు ప్రకారం రెండు చేతులతో నొక్కాడు. ఏమీ రాలేదు.

"అన్నా, పోయింది ఇది."

"పోలేదు. చక్రం తొయ్యి."

తోశాడు. వచ్చింది. వదిలాడు. సన్నబడి పోయింది. నా వైపు చూశాడు.

"బెండ్ ఏమైంది?"

"బెండ్ లేదు. అది గాలి."

"అంటే పాటంతా ఆటోకి కిక్కు కొట్టినట్టు కొడుతూనే ఉండాలా?"

"అవును."

"కంప్యూటర్ కనిపెట్టిందే ఆ చాకిరీ లేకుండా ఉండటానిక్కదన్నా! నువ్వు మళ్లీ దాంట్లోకి చాకిరీ ఎక్కించావు. రేపు మిక్సీ తెచ్చి రోలు చేస్తావా?"

"ఒక్క పాటే కదా."

"మరి పాదం చివర నా చెయ్యి ఏం చెయ్యాలి?"

"గాలి కొట్టాలి."

అతను కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. "నీకేంటన్నా, నువ్వు గదిలో కూచుంటావు. జనం ముందు కూచునేది నేను. ఏందయ్యా ఈ మధ్య చెయ్యి పడిపోయిందా అంటారు నన్ను."

"ఒకసారి వాయించి చూసుకో. చెయ్యి అలవాటు పడుద్ది."

"నాకు ప్రాక్టీసా?" అన్నాడు, నేనేదో బూతు అన్నట్టు. అయినా ఒప్పుకున్నాడు. "మీ ఇంటి కార్యక్రమం. మీ ఇష్టం. పేరు పోతే నాది పోద్ది, అంతేగా" అన్నాడు. అతనికి పేరు ఉన్నట్టు నాకు అప్పుడే తెలిసింది.

కూడిక మధ్యాహ్నం భోజనాలకు ముందు. బావ ఇంటి ముందు రోడ్డుకు అడ్డంగా షామియానా వేశారు. వేదిక వెనక అక్క ఫ్లెక్సీ. స్కూలు గుర్తింపు కార్డు ఫొటో పెద్దది చేశారు. ముఖానికి తెలుపు పట్టించారు. వెనక మేఘాలు, మేఘాల్లోకి మెట్లు, మెట్ల పక్కన పావురాలు. అక్క చామనఛాయ. ఫ్లెక్సీ వేసినవాడికి చామనఛాయతో పరలోకంలోకి పంపడం ఇష్టం లేకపోయింది. బావ దాని ముందు నిలబడి వచ్చేవాళ్లకు వందనాలు చెబుతున్నాడు. దాని వైపు ఎక్కువ చూడట్లేదు.

చుట్టుపక్కల ఊళ్ల అయ్యగార్లు ఒకరి తర్వాత ఒకరు రెండేసి మాటలు మాట్లాడారు. ఆ రెండు మాటలు ఎప్పటికీ రెండు కావు. ఒకాయన అక్కను సంగీత విదుషీమణి అన్నాడు. ఇంకొకాయన, ఆమె వేళ్ల మీద దేవదూతలు నాట్యమాడేవారన్నాడు. ఆయన అక్క వాయించగా ఎప్పుడూ విన్నవాడు కాదు, గోడౌను దగ్గర లారీ బస్తాలు దించుతున్నట్టు మాటలు దించుతున్నాడు. ముందు వరస చాపల మీద పెద్దావిడలు తల మీద కొంగు సర్దుకుంటూ ఓపిగ్గా కూర్చున్నారు. చివరికి ఆ ఊరి అయ్యగారు మైకు తీసుకుని, ఇప్పుడు అధునాతన సాంకేతిక పరిజ్ఞానం ద్వారా సహోదరిగారి హార్మోనియం మనతో మాట్లాడబోతోందన్నాడు.

ఓనరు చక్రం తోశాడు. హార్మోనియం వచ్చింది. షామియానా కింద కబుర్లు తగ్గాయి. బావ తలెత్తాడు. అందరూ పాడటం మొదలుపెట్టారు.

పాదం సగానికి వచ్చేసరికి ఓనరు ఎడమచెయ్యి దాని దారిన అది చక్రం వదిలి, కింది మెట్ల మీద కార్డ్స్, అంటే మూడు నాలుగు స్వరాలు కలిపి, పట్టుకోవడానికి వెళ్లిపోయింది. ఇన్నేళ్లుగా దానికి అదే పని. శబ్దం సన్నబడింది, పోయింది. జనం గొంతులు మాత్రం మిగిలాయి. పాదం చివరికి వచ్చింది. చెయ్యికి అక్కడ ఇంకో పని గుర్తొచ్చి చక్రం మీదికి దూకి బలంగా తోసింది. స్వరం జారాల్సిన చోట హార్మోనియం పూర్తి గాలితో ఒక్కసారి గట్టిగా అరిచింది. ముందు వరసలో ఒకావిడ ఉలిక్కిపడింది. ఎవరో నవ్వు ఆపుకున్నారు. రెండో పాదమూ అంతే. మధ్యలో ఏమీ లేదు, చివర అరుపు. మైకులవాడు శబ్దం తగ్గుతోందనుకుని మీట పైకి ఎత్తాడు, తర్వాతి అరుపుకు బాక్సులు అదిరాయి.

నోటితో చెప్పాను కాబట్టి అతనికి నేర్పేశాననుకున్నాను. చెయ్యి అనేది చెబితే వినదు. ఓనరు నా వైపు తిరిగి, పాట మధ్యలోనే, "అన్నా, చచ్చిపోతోంది" అన్నాడు. వెక్కిరింపు కాదు, భయపడ్డాడు. కీబోర్డుకు తగిలించిన లాప్‌టాప్ వైపు చెయ్యి చాచాడు. ఊపు పెట్టిన హార్మోనియం కాపీ అతను ఇంకా అందులో ఉంచుకున్నాడు. ఒక్క నొక్కుకు అది వచ్చేస్తుంది.

లేచి వెళ్లి అతని ఎడమపక్కన నేల మీద కూర్చున్నాను. "నువ్వు కుడిచేత్తో వాయించు. ఇది నేను చూస్తా" అన్నాను. చక్రం మీద చెయ్యి పెట్టాను.

అందరికీ కనపడేట్టు ఇద్దరు మగవాళ్లం ఒక కీబోర్డు దగ్గర, ఒకడు కుర్చీలో, ఒకడు కింద. చూడ్డానికి ఏం బాగుండదు. తోయడం, వదలడం. నిండుతోంది, తగ్గుతోంది. నాకు వాయించడం రాదు. ఆ ముక్కను ఎన్నో సార్లు విన్నాను కాబట్టి, ఏ చోట ఎంత గాలో మాత్రం తెలుసు. రెండో చరణంలో హార్మోనియం నిలదొక్కుకుంది.

పాదం చివర ఓనరు ఆగకుండా తర్వాతి పాదంలోకి వెళ్లబోయాడు. రిథమ్‌తో వాయించే అలవాటు, ఎవరి కోసమూ ఆగడు. పెద్దావిడలు ఇంకా వెనకే ఉన్నారు. నేను చక్రం తొయ్యలేదు. మెట్టు నొక్కాడు, పలకలేదు.

"గాలియ్యన్నా!" అన్నాడు పళ్ల మధ్య నుంచి.

"వాళ్లని రానియ్యి."

ఆఖరి స్వరం మీదికి వేలు వెనక్కి తెచ్చాడు. పొడుగ్గా, నెమ్మదిగా తోశాను. పెద్దావిడలు వచ్చి చేరారు. అప్పుడు వదిలి, మళ్లీ నింపాను. తర్వాతి పాదం అందరూ కలిసి ఎత్తుకున్నారు. దాని తర్వాత ఓనరు ప్రతి పాదం చివరా నా చేతి వైపు చూసి ఆగాడు. కోపంగానే ఆగాడు. అయినా ఆగాడు. ఆఖరి చరణం మొత్తం ఎవరూ వెనకబడలేదు.

ఆ ఒక్క చరణం అక్క హార్మోనియమే. అంతకంటే ఎక్కువ చెప్పను.

పాట అయిపోగానే ఓనరు మెరుపులా వేరే శబ్దం మార్చి, ప్రార్థనకు కింద నుంచి కీబోర్డులోని దేవదూతల గొంతులు ఊపుతో సహా వదిలాడు. అయ్యగారు మైకులో, సాంకేతిక లోపానికి చింతించవద్దని, ఆత్మలో లోపం లేదని అన్నాడు. ఆమెన్ అన్నారు. భోజనాలకు లేస్తుంటే ముందు వరస పెద్దావిడల్లో ఒకావిడ ఓనరు దగ్గర ఆగింది.

"ఏం బాబూ, మీ పెట్టె పాడైందా? ముందు అరిచింది, తర్వాత ఆగాగి వచ్చింది?"

"అవునండీ, ఇవాళ కొంచెం ప్రాబ్లం" అన్నాడు ఓనరు, నా వైపు చూస్తూ.

"పోన్లే. నువ్వొచ్చినప్పుడల్లా నీ పాటని మేం అందుకోలేం. ఇవాళ అందుకున్నాం" అని ఆవిడ చెప్పులు వెతుక్కుంటూ వెళ్లిపోయింది.

ఓనరుకు ఆ మాట ఎక్కలేదు. "చూశావా, పాడైందనే అన్నారు" అన్నాడు. చెప్పి ప్రయోజనం లేని చోట చెప్పడం నేను మానేసి చాలా కాలమైంది. అతను బిర్యానీ వైపు వెళ్లాడు.

బావ భోజనానికి వెళ్లలేదు. ఖాళీ కుర్చీల మధ్య నుంచి వచ్చి కీబోర్డు పక్కన నిలబడ్డాడు.

"ఇంకోసారి వినొచ్చా? కుదరకపోతే వద్దులే."

"నాకు పాట రాదు బావా. ఒక్కో మెట్టు నొక్కగలను."

"చాలు."

"గాలి కొట్టాలి మరి. ఎవరో ఒకరు."

బావ చక్రం వైపు చూశాడు. "మీ అక్క నాకెప్పుడూ ఇవ్వలా ఆ పని. చెడగొడతారనేది" అన్నాడు. నేను కూర్చున్న చోట నేల మీద కూర్చుని, బొటనవేలు పెట్టి తోశాడు. మరీ గబగబా తోశాడు. శబ్దం ఎక్కిళ్లు పెట్టింది.

"నెమ్మదిగా బావా. నిండనివ్వు, వదులు. నిండనివ్వు."

రెండు మూడు సార్లకు చెయ్యి కుదిరింది. మధ్యలో ఒక మెట్టు పట్టుకున్నాను. అది పెరుగుతూ, తగ్గుతూ, ఊగకుండా వస్తోంది. బావ స్పీకర్ల వైపు చూడట్లేదు, ఫ్లెక్సీ వైపూ చూడట్లేదు. చక్రం మీద తన వేలునే చూస్తున్నాడు.

"ఇదే" అన్నాడు. "అది కాదు. ఇదే."

మైకుల కుర్రవాళ్లు వేదిక విప్పడం మొదలుపెట్టారు. ఇంకో ఊళ్లో సాయంత్రం కార్యక్రమం ఉందట. ఒకతను వచ్చి కీబోర్డు వెనక వైరు పట్టుకున్నాడు. "లేవండన్నా, లాగెయ్యాలి" అన్నాడు నాతో.

"ఉండవయ్యా" అన్నాడు బావ. గాలి కొడుతూనే ఉన్నాడు. ఆ మాట చివర వద్దులే అనలేదు.